క్రిస్మస్‌కి క్వీర్ సినిమాలు: జిగేల్‌మనేవి, ఆర్భాటంగా ఉండేవి చెప్పండి

గోదారిగట్టు | డిసెంబర్ 8, రాత్రి 9:12

సెలవుల్లో స్నేహితులందరం మా ఫ్లాట్‌లో కలుస్తున్నాం. అందరం క్వీర్ వాళ్లమే. కొందరికి పండక్కి ఇంటికి వెళ్లే వీలు లేదు. రోజుకో సినిమా వేద్దామని ప్లాన్, అందుకే లిస్టు జాగ్రత్తగా తయారు చేయాలనుకుంటున్నాను.

గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల చుట్టూనే కథ నడవాలి. హీరోయిన్‌కి సలహాలిచ్చి మాయమైపోయే ఫ్రెండ్ పాత్రలు చాలా చూశాం. రెండోది, సినిమా క్యాంప్‌గా ఉండాలి. రంగులు, విగ్గులు, మెరుపు కాగితాలు, మోతాదు దాటిన ఎమోషన్, అన్నీ తెలిసి తెలిసి చేసినట్టుండాలి. రాఘవేంద్రరావు గారి పాటలో హీరోయిన్ మీద పళ్లు దొర్లుతుంటే నవ్వుతూనే కళ్లార్పకుండా చూస్తాం కదా, ఆ సంబరం కావాలి. ఇక చివర్లో ప్రేమికులు చావడాలు, విడిపోవడాలు వద్దు. మన కథలంటే ఏడుపే అనుకున్న రోజులు చాలాకాలం నడిచాయి.

నా వైపు నుంచి మొదటిది సింగిల్ ఆల్ ది వే (2021, నెట్‌ఫ్లిక్స్). పీటర్ లాస్ ఏంజెలెస్‌లో ఉంటాడు. ప్రతి క్రిస్మస్‌కీ న్యూ హాంప్‌షైర్‌లోని ఇంటికి ఒంటరిగా వెళ్లి అందరి జాలి చూపులూ భరించాలి. ఈసారి తన స్నేహితుడు నిక్‌ని తోడు తీసుకెళ్లి, ఇద్దరం జంట అని చెబుదామనుకుంటాడు. ఇంటికెళ్లేసరికి తల్లి ఇంకో అబ్బాయిని చూసి పెట్టి ఉంటుంది! జెన్నిఫర్ కూలిడ్జ్ వేసిన శాండీ అత్త పాత్ర ఒక్కటి చాలు. చర్చిలో పిల్లలతో క్రీస్తు జననం నాటకం వేయిస్తూ, న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల హంగునంతా బేత్లెహేముకి దింపాలని చూస్తుంది. ఆమె కనిపించిన ప్రతి సీన్‌లోనూ మిగతావాళ్లు ఏం చేస్తున్నారో గుర్తుండదు.

మంచులోమల్లి | డిసెంబర్ 8, రాత్రి 10:40

నేనూ ఓటేస్తున్నాను. ఆ తండ్రి వేషం వేసిన బారీ బాస్ట్‌విక్ ఎవరో గమనించారా? 1975లో వచ్చిన రాకీ హారర్ పిక్చర్ షోలో బ్రాడ్! క్వీర్ ప్రేక్షకులు అర్ధరాత్రి ఆటలకి వేషాలు కట్టుకుని వెళ్లి, తెరతో కలిసి డైలాగులు చెప్పిన సినిమాలో కుర్ర హీరో, ఇక్కడ గే కొడుకుని ప్రేమగా చూసుకునే నాన్న. తల్లిగా క్యాథీ నాజిమీ. దర్శకుడు మైకేల్ మేయర్ నాటకరంగం నుంచి వచ్చినవాడు. ఇవన్నీ కాకతాళీయం అని నేననుకోను.

హ్యాపియెస్ట్ సీజన్ (2020) తప్పకుండా పెట్టండి.

సెకండ్‌షో | డిసెంబర్ 8, రాత్రి 11:55

గోదారిగట్టు గారూ, సింగిల్ ఆల్ ది వే చక్కటి సినిమానే, కానీ మీరడిగిన క్యాంప్ దాంట్లో శాండీ అత్త దగ్గరే ఆగిపోయింది. కేబుల్ ఛానళ్లు ఏటా తీసే క్రిస్మస్ సినిమాల్లో అమ్మాయి తీసేసి అబ్బాయిని పెడితే క్యాంప్ అయిపోదు. అదే మంచు, అవే స్వెట్టర్లు, అదే కోకో కప్పు.

క్యాంప్ పుట్టిల్లు చూడాలంటే జాన్ వాటర్స్ తీసిన ఫీమేల్ ట్రబుల్ (1974) చూడండి. బాల్టిమోర్‌లో డాన్ డావెన్‌పోర్ట్ అనే స్కూలమ్మాయి. ఆ వేషం డివైన్ అనే డ్రాగ్ (ఆడవేషం కట్టి ఆడిపాడే) కళాకారుడిది. క్రిస్మస్‌కి తనకి ఛాఛా హీల్స్ (ఎత్తు మడమల చెప్పులు) కావాలని అడుగుతుంది. పొద్దున్నే పొట్లం విప్పితే వేరే చెప్పులు. అంతే, బహుమతులన్నీ తొక్కేసి, కన్నతల్లిని క్రిస్మస్ చెట్టు మీదకి తోసేసి ఇంట్లోంచి వెళ్లిపోతుంది. తెర మీద చూసిన క్రిస్మస్ పొద్దుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. పండగలో అందరూ సంతోషంగా ఉన్నట్టు నటించాలనే ఒత్తిడి ఉంటుందే, దాన్ని ఒక్క సీన్‌లో బద్దలు కొట్టేశాడు. అలాగని జాన్ వాటర్స్‌కి క్రిస్మస్ అంటే ద్వేషం అనుకోకండి. 2004లో తనకిష్టమైన వింత క్రిస్మస్ పాటలన్నీ ఏరి ఆల్బమ్‌గా తెచ్చాడు. డిసెంబర్‌లో ఊరూరా తిరిగి క్రిస్మస్ షో కూడా చేస్తాడు.

ముందే చెబుతున్నాను: బూతు, హింస, అసహ్యం అన్నీ ఉంటాయి, ముగింపు మీ మూడో షరతుకి ఒప్పదు. అందరికీ చెప్పి పెట్టండి.

రీలుమారాజు | డిసెంబర్ 9, ఉదయం 7:30

కేబుల్ సినిమాల మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 2004లో శాం ఇర్విన్ టూ కూల్ ఫర్ క్రిస్మస్ అనే సినిమా తీశాడు. టీనేజ్ అమ్మాయి, సెలవుల్లో స్కీయింగ్‌కి పోవాలని గొడవ, శాంటాగా జార్జ్ హామిల్టన్. అమ్మాయికి ఇద్దరు నాన్నలు. అయితే అదే సినిమాని రెండుసార్లు తీశారు! ఇద్దరు నాన్నలున్నది గే ఛానల్ కోసం, అమ్మా నాన్నా ఉన్నది లైఫ్‌టైమ్ ఛానల్ కోసం, పేరు మార్చి. కథ అదే, శాంటా ఆయనే. ఇంట్లో ఎవరుండాలన్నదే తేడా.

సరిగ్గా 16 ఏళ్ల తర్వాత, 2020లో, అదే లైఫ్‌టైమ్ ది క్రిస్మస్ సెటప్ తీసింది. అందులో ప్రేమికులుగా వేసిన బెన్ లూయిస్, బ్లేక్ లీ నిజజీవితంలో పెళ్లి చేసుకున్న జంట. తల్లిగా ఫ్రాన్ డ్రెషర్. సెకండ్‌షో గారూ, మీరు తీసిపారేస్తున్న ఆ కోకో కప్పు కోసం ఇంత కాలం పట్టింది.

నీలికలువ | డిసెంబర్ 9, ఉదయం 11:05

రీలుమారాజు గారి మాటకి నాదొక మాట చేరుస్తాను. 2019 డిసెంబర్‌లో, ఏటా క్రిస్మస్ సినిమాలు తీసే హాల్‌మార్క్ ఛానల్ ఒక పెళ్లి వెబ్‌సైట్ ప్రకటనల్ని ఆపేసింది. ఎందుకంటే వాటిలో ఇద్దరు పెళ్లికూతుళ్లు ముద్దు పెట్టుకుంటారు. ఒక సంఘం ఫిర్యాదు చేసిందని ఆపారు, తర్వాత పెద్ద గొడవై కొద్ది రోజుల్లోనే క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు. మరుసటి ఏడాది ది క్రిస్మస్ హౌస్‌లో పిల్లని దత్తత తీసుకోవాలని ఎదురుచూసే గే జంటని పెట్టారు. 2022లో ది హాలిడే సిట్టర్‌లో నేరుగా ఇద్దరు మగవాళ్ల ప్రేమకథే. రెండిట్లోనూ జోనథన్ బెనెట్ ఉన్నాడు. మనవాళ్లు కూడా బోరు కొట్టే సినిమాలో సుఖంగా ముద్దు పెట్టుకోవడం ఒక హక్కే. నేను దాన్ని తక్కువ చేయను.

కానీ లిస్టులో నా మొదటి ఓటు టాంజరీన్‌కి (2015). ట్రాన్స్ మహిళగా చెబుతున్నాను, క్రిస్మస్ సినిమాల్లో నాకు ఇంతగా నాదనిపించింది ఇంకొకటి లేదు.

కథంతా క్రిస్మస్ ముందు రోజు, లాస్ ఏంజెలెస్‌లో. మంచు లేదు, మండే ఎండ. సిన్‌డీ జైలు నుంచి అప్పుడే బయటికొచ్చింది. తన ప్రియుడు ఇంకొకామెతో తిరిగాడని స్నేహితురాలు అలెగ్జాండ్రా నోరు జారుతుంది. ఇక సిన్‌డీ వీధులన్నీ తిరిగి వాళ్లని వెతుకుతుంది. అలెగ్జాండ్రా మాత్రం సాయంత్రం తన పాటల కార్యక్రమానికి రమ్మని కనిపించిన వాళ్లందరికీ కాగితాలు పంచుతూ ఉంటుంది. కితానా కికీ రాడ్రిగెజ్, మయా టేలర్, ఇద్దరూ నిజంగా ట్రాన్స్ మహిళలే. దర్శకుడు షాన్ బేకర్ మొత్తం సినిమాని ఐఫోన్ 5ఎస్‌తో తీశాడు, ముందు చిన్న లెన్స్ అడాప్టర్ బిగించి. ఆయనే 2025లో అనోరా సినిమాకి ఆస్కార్లు తీసుకున్నాడు. మయా టేలర్‌కి సహాయనటిగా ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డు వచ్చింది.

సిన్‌డీ నడక, ఆమె నోరు, ఆ డోనట్ కొట్లో చివరికి అందరూ ఒకేచోట చేరి అరుచుకునే గొడవ, ఇంతకన్నా క్యాంప్ ఏముంటుంది? అలెగ్జాండ్రా ఎర్రటి లైటు కింద దాదాపు ఖాళీగా ఉన్న బార్‌లో పాట పాడుతుంది. పాడే అవకాశం కోసం డబ్బు తనే కట్టింది. అయినా పెద్ద కచేరీలో పాడినట్టే పాడుతుంది. ఆర్భాటం మనకి అవసరం అవుతుంది, సరదాకి మాత్రమే కాదు. ఎవరూ మనకోసం వేదిక కట్టనప్పుడు మనమే కట్టుకుంటాం, మనమే లైటు వేసుకుంటాం.

గోదారిగట్టు | డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:20

నీలికలువ అక్కా, టాంజరీన్ లిస్టులోకి ఎక్కేసింది. దాన్ని 24 రాత్రికే పెడతాను.

హ్యాపియెస్ట్ సీజన్ సంగతి ఎవరైనా వివరంగా చెప్పండి. మా గ్యాంగ్‌లో దాని మీద రెండు పార్టీలున్నాయి.

మంచులోమల్లి | డిసెంబర్ 9, రాత్రి 8:45

నేను చెబుతాను. దర్శకురాలు క్లియా డువాల్, తనూ లెస్బియనే. ఎబీగా క్రిస్టెన్ స్టూవర్ట్, హార్పర్‌గా మెకెంజీ డేవిస్. హార్పర్ ఎబీని క్రిస్మస్‌కి ఇంటికి తీసుకెళ్తూ, దారిలో కారులో నిజం చెబుతుంది: ఇంట్లో నా గురించి తెలియదు, నువ్వు నా రూమ్‌మేట్‌వని చెబుతాను, ఐదు రోజులు ఓర్చుకో. తండ్రి మేయర్ పదవికి పోటీ చేస్తున్నాడు, తల్లికి ప్రతిదీ ఫొటోలో బాగా కనపడాలి. థియేటర్లలో రావలసింది, కోవిడ్ వల్ల అమెరికాలో హులూ అనే ఓటీటీలో నేరుగా వచ్చింది.

క్యాంప్ ఎక్కడంటే, హార్పర్ అక్కచెల్లెళ్ల పోటీలో. పార్టీలో అతిథులందరి ముందు ఆ దెబ్బలాట, వాళ్లలో ఒకరైన జేన్ నెలల తరబడి వేసిన బొమ్మ నాశనం అయిపోవడం. జేన్ వేషం వేసిన మేరీ హాలండ్ ఈ సినిమాకి సహరచయిత్రి కూడా, అందుకే ఆ పాత్రకి అంత ప్రేమ దక్కింది. బార్ సీన్‌లో జింక్స్ మాన్సూన్, బెన్‌డెలాక్రీమ్ అనే డ్రాగ్ కళాకారులిద్దరూ కనిపిస్తారు.

డాన్ లెవీ ఎబీ స్నేహితుడు జాన్ పాత్రలో సినిమా అంతా నవ్విస్తాడు. చివర్లో ఎబీతో రోడ్డు మీద నిలబడి మాట్లాడతాడు: తను ఇంట్లో చెప్పినప్పుడు తండ్రి బయటికి గెంటేశాడనీ, ఒక్కొక్కరి కథ ఒక్కోలా ఉంటుందనీ, నోరు తెరిచే ముందు గుండె కొట్టుకునే ఆ క్షణం మాత్రం అందరిదీ ఒకటేననీ. ఇది నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ ఏడుస్తాను.

సెకండ్‌షో | డిసెంబర్ 9, రాత్రి 9:30

ఆ సీన్ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఎబీ చివరికి హార్పర్ పాత ప్రేయసి రైలీతో వెళ్లిపోవాలి. రైలీగా వేసిన ఆబ్రీ ప్లాజా చూపులోనే అంత ఆప్యాయత ఉంటే హార్పర్ దగ్గర ఏం మిగిలింది? హార్పర్ స్కూల్లో రైలీ రహస్యాన్ని అందరి ముందూ బయటపెట్టి తను తప్పించుకుంది. ఇప్పుడు ఎబీని అనాథగా పరిచయం చేసి, పక్కన నిలబడనివ్వకుండా చేసింది. ఒక్క పెట్రోల్ బంకులో క్షమాపణ చెబితే సరిపోతుందా?

బెజవాడబాబాయ్ | డిసెంబర్ 10, ఉదయం 6:50

సెకండ్‌షో తమ్ముడూ, ఆ అమ్మాయి మీద అంత కోపం వద్దు. నాకు యాభై దాటాయి. నేను ప్రేమించినవాడిని మా బంధువులందరికీ రూమ్‌మేట్ అనే పరిచయం చేశాను. పండగ భోజనానికి వచ్చి, బంతిలో నా పక్కన కాకుండా దూరంగా కూర్చునేవాడు. హార్పర్ చేసింది తప్పే. కానీ భయం మనిషి చేత ఏమేం చేయిస్తుందో నాకు తెలుసు. ఆ సినిమా ఆమెని రాక్షసిగా చూపించకుండా, నవ్వుల మధ్యలో ఆ భయాన్ని చూపించింది. అందుకే నాకు ముగింపు నచ్చింది.

నీలికలువ | డిసెంబర్ 10, ఉదయం 9:15

బాబాయ్, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. రైలీ పార్టీలోనే ఉన్నాను నేను, ఇప్పుడూ ఉన్నాను. కానీ హార్పర్‌ని ఈసారి మీ కళ్లతో చూస్తాను.

రీలుమారాజు | డిసెంబర్ 10, సాయంత్రం 6:00

వాదన వేడిగా ఉంది, కాస్త ఫ్రెంచి మంచు చల్లుతాను. ఫ్రాన్స్వా ఓజోన్ తీసిన 8 విమెన్ (2002). 1950ల్లో మంచులో చిక్కుకున్న బంగళా, క్రిస్మస్ సెలవులు. ఇంటి యజమాని మంచంలో వీపున కత్తితో కనపడతాడు. టెలిఫోన్ తీగ తెగింది, బయటికి దారి లేదు, లోపల ఎనిమిది మంది ఆడవాళ్లు. హత్య చేసింది వాళ్లలో ఒకరే.

ఎవరెవరో చూడండి: క్యాథరీన్ డెన్యూవ్, ఇజబెల్ ఉపేర్, ఫానీ ఆర్దాన్, ఇమాన్యుయేల్ బేయార్, డానియెల్ దారియూ... ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దుస్తులు, ఒక్కొక్కరికీ ఒక్కో పాట. విచారణ మధ్యలో లేచి నిలబడి పాడేస్తారు! వంటమనిషికి యజమాని చెల్లెలి మీద ప్రేమ. పనిమనిషి తన పాత యజమానురాలి ఫొటో దాచుకుంటుంది, ఆ ఫొటోలో ఉన్నది పాతతరం నటి రోమీ ష్నైడర్. డెన్యూవ్, ఆర్దాన్ జుట్టు పట్టుకుని నేల మీద దొర్లి దొర్లి, దెబ్బలాట కాస్తా ముద్దులోకి దిగుతుంది. బెర్లిన్ సినిమా పండగలో ఎనిమిది మందికీ కలిపి సిల్వర్ బేర్ అవార్డు ఇచ్చారు. సెకండ్‌షో గారూ, ఇది క్యాంప్ కాదంటే ఒప్పుకోను.

ముగింపు తియ్యగా ఉండదు. కానీ ఈ సినిమాలో నష్టపోయేది ప్రేమికులు కాదు, కుటుంబం అనే బూటకం. గోదారిగట్టు గారి షరతుకి సరిపోతుందని నా అభిప్రాయం.

సెకండ్‌షో | డిసెంబర్ 10, సాయంత్రం 6:20

నూటికి నూరు పాళ్లు క్యాంపే. ఉపేర్ కళ్లజోడు పెట్టుకుని చీదరించుకుంటుంటే చూడడానికే పండగ చేసుకోవచ్చు.

తారాతోరణం | డిసెంబర్ 11, రాత్రి 12:10

పొట్టిగా రెండు చెబుతాను, గంటలోపు అయిపోయేది ఒకటి, బొమ్మల సినిమా ఒకటి.

పీ-వీస్ ప్లేహౌస్ క్రిస్మస్ స్పెషల్, 1988లో సీబీఎస్ ఛానల్‌లో వచ్చింది. పిల్లల కార్యక్రమం అని పేరు. లోపల చూస్తే గ్రేస్ జోన్స్ పొరపాటున పార్సిల్ పెట్టెలో దిగి డ్రమ్మర్ బాయ్ పాట పాడుతుంది, కే.డీ. లాంగ్ గెంతులేస్తూ జింగిల్ బెల్ రాక్ పాడుతుంది, లిటిల్ రిచర్డ్, షేర్, జా జా గబోర్ వస్తూ ఉంటారు. అందరూ ఇచ్చేది ఫ్రూట్‌కేకే. ఆ కేకులన్నీ ఇటుకల్లా పేర్చి చొక్కాల్లేని కండల మేస్త్రీలు ఇంటికి కొత్త గది కడుతుంటారు! 1988లో, అదీ ఎయిడ్స్‌తో మనవాళ్లు వందలు వేలుగా పోతున్న కాలంలో, దేశమంతా చూసే టీవీలో ఇంత రంగు పోశారు. పీ-వీ వేషం వేసిన పాల్ రూబెన్స్ 2023లో పోయాడు. తర్వాత వచ్చిన డాక్యుమెంటరీలో తను గే అని తనే చెప్పుకున్నాడు. అది తెలిసి చూస్తే ఈ ప్రోగ్రాం మీద ప్రేమ ఇంకా పెరుగుతుంది.

రెండోది టోక్యో గాడ్‌ఫాదర్స్ (2003), సతోషి కోన్ యానిమేషన్. క్రిస్మస్ రాత్రి చెత్తలో ఒక పసిపాప దొరుకుతుంది. ఎత్తుకున్నది రోడ్డు మీద బతికే ముగ్గురు: తాగుబోతు గిన్, ఇల్లు వదిలి వచ్చిన మియుకీ, ఒకప్పుడు బార్‌లో డ్రాగ్ పాటలు పాడిన హానా. హానా ట్రాన్స్ మహిళ, తల్లి కావాలని జీవితమంతా ఎదురుచూసింది. ఆమె ఏడ్చినా, అరిచినా, కవిత్వం చెప్పినా మొహం అంతా సాగిపోతుంది, ఆ అతి గీత గీతలోనూ ఉంటుంది. సినిమాలో కొందరు ఆమెని నీచంగా పిలుస్తారు, అది గుచ్చుకుంటుంది. కానీ కథలో ఎక్కువ ధైర్యం ఆమెదే. 2020లో వచ్చిన ఇంగ్లీష్ డబ్బింగ్‌లో హానాకి గొంతు ఇచ్చింది షకీనా నాయ్‌ఫాక్ అనే ట్రాన్స్ నటి.

నీలికలువ | డిసెంబర్ 11, ఉదయం 8:00

హానాని మర్చిపోయానే అనుకునేలోపు మీరు రాసేశారు. థాంక్స్. ముగ్గురు జ్ఞానులు పసివాణ్ణి చూడడానికి వచ్చిన కథని సండే స్కూల్లో ఎన్నోసార్లు విన్నాను. ఆ ముగ్గురిలో ఒకరు నాలాంటి మనిషి కావచ్చని ఎవరూ చెప్పలేదు. ఆ సినిమా చెప్పింది.

చిన్నిగువ్వ | డిసెంబర్ 12, రాత్రి 11:48

నమస్తే అండీ, ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదలు. మాది గుంటూరు వైపు, చర్చి కుటుంబం. అమ్మకి నా సంగతి చెప్పాను. కోప్పడలేదు కానీ దాని గురించి మళ్లీ మాట్లాడలేదు. ఈ క్రిస్మస్‌కి క్యారల్స్ రౌండ్స్ అన్నీ అయ్యాక, తీరిగ్గా ఉన్న రోజు అమ్మతో కూర్చుని ఒకటి చూడాలని ఉంది. భయపెట్టనిది, బూతు లేనిది. ఏది పెట్టమంటారు? టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు | డిసెంబర్ 13, ఉదయం 7:10

సింగిల్ ఆల్ ది వే పెట్టు తల్లీ. దాంట్లో కొడుకు గే అన్నది సమస్యే కాదు, వాడికి ఇంకా జోడీ దొరకలేదన్నదే తల్లి బెంగ. ఏ తెలుగింటి అమ్మకైనా ఆ బెంగ అర్థమవుతుంది. మొదటి నిమిషం నుంచీ ఇంటిల్లిపాదీ వాడి వైపే. నెట్‌ఫ్లిక్స్ వాళ్లదే కాబట్టి ఇక్కడా దొరుకుతుంది.

బెజవాడబాబాయ్ | డిసెంబర్ 13, ఉదయం 7:45

నాదీ అదే మాట. హ్యాపియెస్ట్ సీజన్ మాత్రం ఇప్పుడు వద్దమ్మా, అందులో తల్లిదండ్రుల ముందు గొడవ చాలాసేపు నడుస్తుంది. శాండీ అత్త చర్చి నాటకం అల్లరిగా ఉంటుంది కానీ, భక్తిని వెక్కిరించదు. అమ్మ నవ్వితే నువ్వూ నవ్వు. అడిగితే మాట్లాడు, అడగకపోతే ఊరికే పక్కన కూర్చో.

మంచులోమల్లి | డిసెంబర్ 13, రాత్రి 9:00

క్యారల్ (2015) పేరు ఎవరూ ఎత్తలేదు. క్యాంప్ కాదని తెలుసు, అంతా మెల్లగా, చూపులతో నడుస్తుంది. కానీ 1952 క్రిస్మస్ రద్దీలో బొమ్మల కౌంటర్ దగ్గర శాంటా టోపీ పెట్టుకున్న రూనీ మారాని కేట్ బ్లాంచెట్ చూసే సీన్ లేకుండా నాకు డిసెంబర్ గడవదు. ఈ సినిమాకి మూలమైన నవలని ప్యాట్రీషియా హైస్మిత్ వేరే పేరుతో అచ్చు వేయించాల్సి వచ్చింది. అయినా ప్రేమికుల్ని చంపలేదు, ఆశ మిగిల్చింది. గోదారిగట్టు గారూ, చివరి రోజుకి పెట్టుకోండి.

చిన్నిగువ్వ | డిసెంబర్ 27, సాయంత్రం 5:30

చూశాం! అమ్మ మొదట ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. తల్లి పాత్ర గుమ్మానికి, గోడలకి తనే రాసిన బోర్డులు తగిలించే సీన్ వచ్చాక ఫోన్ పక్కన పెట్టింది. శాండీ అత్త రిహార్సల్ చూసి మా చర్చి క్రిస్మస్ ట్రీ ప్రోగ్రాం పెద్దావిడ గుర్తొచ్చిందని గట్టిగా నవ్వింది. చివర్లో మాత్రం కంప్లైంట్ చేసింది: "పక్కనే ఉన్న పిల్లాడు అంత మంచివాడైతే, ఇన్నేళ్లు కనపడలేదా వీడికి?" అని. నా గురించి ఏమీ అడగలేదు. ఈ రోజు పొద్దున మాత్రం ఇలాంటిది ఇంకోటి ఉందా అని అడిగింది. కొత్త సంవత్సరానికి ముందు ఒకటి చెప్పరూ?

రీలుమారాజు | డిసెంబర్ 27, సాయంత్రం 5:52

ది క్రిస్మస్ సెటప్ వెతికి పెట్టండి. ఫ్రాన్ డ్రెషర్ కొడుక్కి సంబంధం కుదర్చడానికి మొత్తం పండగనే ప్లాన్ చేస్తుంది. ఆ ఇద్దరబ్బాయిలూ నిజంగా పెళ్లి చేసుకున్నవాళ్లేనని సినిమా అయ్యాక అమ్మగారికి చెప్పండి.